బోరు దగ్గరికి దారి: ఆర్గానిక్ మ్యాప్స్ యాప్ సమీక్ష

తిరుపతి చుట్టుపక్కల మామిడి తోపుల్లో బోరు మోటార్ల మరమ్మతు పనిని నేను, నా దగ్గరున్న ముగ్గురు కుర్రవాళ్లు కలిసి చేస్తాం. కాలిపోయిన వైండింగు కంటే, పట్టేసిన పంపు కంటే ఈ పనిలో మా సమయాన్ని ఎక్కువగా తినేది బోరు దగ్గరికి చేరుకోవడమే. "పాకాల రోడ్డులో రాగిమాను దాటినాక ఎడం పక్క బాట పట్టుకోని రాండి నాయనా, ఆడ ఎవర్నడిగినా చెప్తారు" అని రైతు ఫోనులో చెబుతాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ ఉండదు. అయితే ఆ రోడ్డులో రాగిమాన్లు ఒకటికి మూడు ఉంటాయి, మిట్టమధ్యాహ్నం ఎండలో అడుగుదామంటే మనిషి కనబడడు, త్రీ ఫేజు కరెంటు ఉన్న గంటల్లో చేరుకోకపోతే మోటారును తిప్పి చూడటానికి కూడా వీలుండదు. తప్పిన ఒక్క మలుపుకు ఒక రోజు పోతుంది. మార్చి నుంచి జూన్ దాకా, కాయ ఊరే రోజుల్లో, ఆ ఒక్క రోజు తోటకు ఎంత విలువైనదో రైతుకు తెలుసు, మాకూ తెలుసు.

అందుకే మాకు కావలసిన చోట్లను మేమే పటం మీద గుర్తు పెట్టుకుని, వాటిని ఒకరి ఫోనులోంచి మరొకరి ఫోనులోకి మార్చుకోగల యాప్ కోసం చాలా వెతికాను. చివరికి ఆర్గానిక్ మ్యాప్స్ దగ్గర స్థిరపడ్డాను. రెండు మామిడి కాపుల కాలం దాన్ని రోజూ వాడిన తర్వాత రాస్తున్న సమీక్ష ఇది. దీన్ని దారి చూపే యాప్‌గా కంటే, సొంత చోట్లను దాచుకునే పుస్తకంగా ఎలా పనికొస్తుందన్న కోణంలోనే ఎక్కువగా చూశాను.

అంతకు ముందు మా పద్ధతి అందరి పద్ధతే. రైతును వాట్సాప్‌లో లొకేషన్ పంపమని అడిగేవాళ్లం. ఆయన పంపేవాడు కూడా. కానీ పంపే సమయానికి ఆయన ఊళ్లో ఇంటి అరుగు మీద కూర్చుని ఉండేవాడు. లొకేషన్ ఆ అరుగుకే వచ్చేది, బోరు అక్కడికి రెండు కిలోమీటర్ల అవతల గుట్ట పక్కన ఉండేది. సరైన లొకేషన్ వచ్చినప్పుడు కూడా అది ఆ సంభాషణలోనే పైకి పోయి కనబడకుండా పోయేది. మరుసటి ఏడాది అదే బోరుకు వెళ్లాల్సి వస్తే మళ్లీ మొదటికే వచ్చేవాళ్లం. ఊరి పేరుతో వెతికితే ఇంకో చిక్కు. మన జిల్లాల్లో కొత్తపల్లె అన్న పేరు ఒక్క ఊరికే పరిమితం కాదు. సర్వే నంబరు రైతుకు నోటికి వస్తుంది గానీ, దాన్ని చూసి బండి నడపలేం.

ఆర్గానిక్ మ్యాప్స్ ఉచితం. ప్రకటనలు లేవు, ఖాతా తెరవమని అడగదు, ఫోను నంబరు అడగదు, మనం ఎక్కడ తిరిగామో లెక్క రాసుకోదు. మ్యాప్స్‌.మీ అన్న పాత యాప్‌ 2020లో చేతులు మారిన తర్వాత, దాన్ని మొదట తయారుచేసినవాళ్లే 2021లో దీన్ని విడిగా తెచ్చారు. దీని లోపలి పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి వస్తుంది. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఆ పటాన్ని ప్రపంచమంతటా స్వచ్ఛందంగా గీసేవాళ్లు గీస్తూనే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ పటాన్ని ఇంటి దగ్గర వైఫైలో ఒకసారి దించుకుంటే, ఆ తర్వాత సిగ్నల్ లేకపోయినా పటం తెరుచుకుంటుంది, వెతుకులాట పనిచేస్తుంది, దారి కూడా వేస్తుంది. నగరి, గుడిపాల వైపు పని ఉన్నవాళ్లు తమిళనాడు పటాన్ని, పలమనేరు, కుప్పం వైపు వెళ్లేవాళ్లు కర్ణాటక పటాన్ని కూడా దించుకోవడం మంచిది. సరిహద్దు ఊళ్లకు వెళ్లే బాటలు పక్క రాష్ట్రంలోకి పోయి మళ్లీ వెనక్కి వస్తుంటాయి. భాకరాపేట కనుమలో, తలకోన అడవి అంచున ఉన్న పల్లెల్లో ఫోనులో సిగ్నల్ గీతలు పడిపోయిన చోట కూడా మా బోర్ల గుర్తులు తెర మీద నిలిచి ఉండటం, ఈ యాప్ మీద నాకు నమ్మకం కలిగించిన మొదటి విషయం.

ఒక చోటును గుర్తు పెట్టడం ఎలాగో కొంచెం దగ్గరగా చెబుతాను, ఎందుకంటే యాప్ ఎంత మంచిదైనా గుర్తు తప్పు చోట పడితే దాని వల్ల నష్టమే. తోపులోకి వెళ్లగానే మా కుర్రవాడు ఫోను తీసి, మనం ఉన్న చోటును చూపే నీలం గుర్తు ఉన్నచోట నొక్కి దాచేసేవాడు. ఇంటికొచ్చి ఉపగ్రహ చిత్రంతో పోల్చి చూస్తే అది బోరుకు ముప్పై, నలభై మీటర్లు పక్కకు పడి ఉండేది. కారణం ఫోనులో లేదు, నీడలో ఉంది. ఆకాశం తేటగా కనిపించే చోట ఫోను జీపీఎస్ సాధారణంగా ఐదు మీటర్ల లోపు తేడాతో చోటు చెబుతుంది. పాత మామిడి చెట్ల గుబురు కింద ఆ సంకేతాలు ఆకుల్లో చెదిరిపోతాయి. ఇప్పుడు మా పద్ధతి మారింది. ఫోనును బోరు కేసింగు (బోరులో దించిన గొట్టం) మూత మీద తెర పైకి వచ్చేలా ఉంచి, మోటారు పెట్టె తెరిచే పని చూసుకుంటాం. నీలం గుర్తు చుట్టూ ఉన్న లేత వలయం మొదట తోపంత ఉంటుంది. నిమిషం, నిమిషంన్నరలో అది ముడుచుకుంటూ వచ్చి గుర్తుకు దగ్గరగా ఆగుతుంది. ఆగిన తర్వాతే నొక్కాలి. కింద నుంచి ఒక పలక పైకి వస్తుంది, అందులో బుక్‌మార్క్ బొత్తాం ఉంటుంది, నొక్కితే గుర్తు పడుతుంది. తర్వాత పేరు, వివరణ, రంగు, ఏ జాబితాలో ఉండాలి అన్నవి మార్చుకోవచ్చు. ఇంట్లో కూర్చుని పటం మీద వేలితో కాసేపు నొక్కి పట్టినా గుర్తు పడుతుంది గానీ, తోపుల విషయంలో ఆ పద్ధతిని నేను ఒప్పుకోను.

అదే పలక మీద అక్షాంశ రేఖాంశాలు కనిపిస్తాయి. వాటి మీద వేలు తగిలిస్తే రూపం మారుతుంది: ఒకసారి దశాంశాల్లో, ఒకసారి డిగ్రీలు నిమిషాలు సెకండ్లలో, ఇంకోసారి అక్షరాలు, అంకెలు కలిసిన పొట్టి చిరునామా అయిన ప్లస్ కోడ్‌గా. వెతికే గడిలో నేరుగా ఆ అంకెలు కొట్టినా చోటు చూపిస్తుంది. దశాంశాల విలువ మా కుర్రవాళ్లకు చెట్ల లెక్కలో చెప్పాను. అక్షాంశంలో మూడో దశాంశ స్థానం దాదాపు 111 మీటర్లు, నాలుగోది 11 మీటర్లు, ఐదోది ఒక మీటరు పైచిలుకు. పాత పద్ధతిలో చెట్టుకూ చెట్టుకూ పది మీటర్ల ఎడంతో నాటిన తోపులో, మూడో స్థానంతో ఆపేసి అంకె చెబితే మనిషి పదకొండు సాళ్ల అవతల నిలబడవచ్చు. ఐదు స్థానాలు చెబితే కేసింగు ముందే నిలబడతాడు. అందుకే అంకెలు నోటితో చెప్పే అవసరం వచ్చినప్పుడు ఐదు స్థానాలూ చెప్పాలన్నది మా దగ్గర నియమం.

ఇంతవరకూ ఏ యాప్‌తో అయినా కొంచెం అటూ ఇటుగా చేయవచ్చు. మా పనిని నిజంగా మార్చినది ఒక్కో బోరుకు రెండేసి గుర్తులు పెట్టడం. ఈ యాప్ తనకు తెలిసిన బాటల మీద మాత్రమే దారి వేస్తుంది. తోపులోకి వెళ్లే బండిబాటను ఎవరూ గీసి ఉండకపోతే, బోరుకు అతి దగ్గరగా ఉన్న రోడ్డు మీద ఏదో ఒక చోట దారిని ఆపేస్తుంది. ఆ చోటు కంచెకు అవతల ఉండవచ్చు, మధ్యలో వంక ఉండవచ్చు. యాప్ తప్పుగా చెప్పినట్టు కాదు. దానికి తెలిసినది అంతే. కాబట్టి రోడ్డు వదిలి బాట పట్టే చోట ఒక పసుపు గుర్తు, బోరు దగ్గర ఒక ఎర్ర గుర్తు పెడుతున్నాం. దారి పసుపు గుర్తుకే వేయించుకుంటాం. అక్కడి నుంచి ఎర్ర గుర్తు తెర మీద ఏ దిక్కున ఉందో చూసుకుంటూ పోతాం. మోటారు పైకి లాగే బండి పొడవైనది, ఒకసారి తప్పు బాటలోకి దిగితే వెనక్కి తిప్పడానికి చోటు దొరకదు; పసుపు గుర్తులు వచ్చాక ఆ ఇబ్బంది దాదాపు పోయింది.

నీలం గుర్తులు చప్టాలకు. 2021 నవంబరు వానల్లో తిరుపతి ఎలా మునిగిందో, రాయలచెరువు కట్ట గురించి చుట్టుపక్కల ఊళ్లు ఎంత భయపడ్డాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర లేదు. స్వర్ణముఖి, దానిలో కలిసే వంకలు పారేటప్పుడు చప్టా మీద నీళ్లెంత లోతున ఉన్నాయో ఒడ్డున నిలబడి చెప్పలేం. ఏ దారిలో చప్టా ఉంది, దాన్ని తప్పించుకునే వంతెన ఎక్కడుంది అన్నది పటాల్లో స్పష్టంగా కనబడదు. మేము తిరిగే దారుల్లో ఉన్న చప్టాలన్నిటినీ ఒక విడి జాబితాగా దాచాను. ఎండాకాలంలో ఆ జాబితా పక్కనున్న కన్ను గుర్తును నొక్కి కనబడకుండా చేస్తాం, అక్టోబరు రాగానే మళ్లీ తెరుస్తాం. జాబితాను మొత్తంగా చూపడం, దాచడం ఒక్క తాకుతో అయ్యే ఈ సౌకర్యం చిన్నదే గానీ, గుర్తులు వందల్లోకి చేరాక ఇది లేకపోతే పటం మీద ఏమీ చదవలేం. కిందకు వేలాడే కరెంటు తీగలు, బండి పట్టని ఇరుకు కల్వర్టులు కూడా అదే జాబితాలో ఉన్నాయి.

పేర్ల విషయం ఎక్కువమంది పట్టించుకోరు, నేనూ మొదట పట్టించుకోలేదు. రైతు పేరుతో దాచాను. ఒకే పేరున్న రైతులు నలుగురు తేలారు. పైగా తోట కౌలుకు పోతే పేరు మారిపోతుంది, బోరు మారదు. ఇప్పుడు ముందు ఊరు, తర్వాత కంటికి కనబడే గుర్తు, చివర బోరు సంఖ్య: దామలచెరువు, తెల్లగేటు తోపు, 2. పేర్ల క్రమంలో అమర్చుకుంటే ఒక ఊరి బోర్లన్నీ ఒకచోట వస్తాయి; దూరం ప్రకారం అమర్చుకుంటే ఇప్పుడున్న చోటికి దగ్గరివి ముందు వస్తాయి. ఒక పని ముగిసి, పక్కన ఇంకేదైనా చూడవలసిన మోటారు ఉందా అని ఆలోచించేటప్పుడు ఈ రెండో అమరిక చాలా ఉపయోగపడుతుంది. నా కుర్రవాళ్లు ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతోనే వెతుకుతారు కాబట్టి ఊరి పేరును రెండు లిపుల్లోనూ రాస్తున్నాం. ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తే దొరకదు, అందుకని బస్సు బోర్డు మీద ఉన్న వర్ణక్రమాన్నే అందరం పాటిస్తాం.

వివరణ గడిలో ఎంతైనా రాయవచ్చు. బోరు లోతు, మోటారు ఎంత హెచ్‌పీ, ఎన్ని స్టేజీలు, పైపు ఇనుపదా ప్లాస్టిక్కుదా, ఎన్ని అడుగుల దగ్గర దించాం, కిందటిసారి ఏం మార్చాం అన్నవి అక్కడే రాస్తాం. ఇదివరకు ఇవన్నీ నా పుస్తకంలో ఉండేవి, పుస్తకం నా దగ్గర ఉండేది, బోరు దగ్గర కుర్రవాడు ఉండేవాడు. ఇప్పుడు గుర్తు మీద వేలు పెడితే అతనికే కనబడుతుంది. మొన్న పెనుమూరు దగ్గర ఒక తోపులో మోటారు తీయబోతూ మా చిన్నవాడు ఫోను చేసి, "అన్నా, దీనికి ఇంకో ఐదు పైపులు తగిలించినట్టు రాసుంది, బండిలో ఉన్న గొలుసు చాలదు" అని చెప్పాడు. అప్పటికి ఇంకా పని మొదలుపెట్టలేదు. సగం లాగిన తర్వాత ఆ విషయం తెలిసి ఉంటే ఆ సాయంత్రం మోటారు గాలిలో వేలాడుతూ ఉండిపోయేది.

పాత పుస్తకంలోని చోట్లను యాప్‌లోకి ఎక్కించే పని వారం రోజులు పట్టింది. అందులో నేను చేసిన తప్పు ఒకటి చెప్పడం అవసరం, ఎందుకంటే ఈ పని మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ అది ఎదురవుతుంది. అంకెలన్నిటినీ కంప్యూటరులో పట్టికగా కొట్టి, దాన్ని సొంత పటాలు చేసుకునే గూగుల్ మై మ్యాప్స్‌లోకి ఎక్కించి, అక్కడి నుంచి, చోట్లను దాచే ఒక రకమైన కేఎంఎల్ దస్త్రంగా దించుకుని, ఆర్గానిక్ మ్యాప్స్‌లో తెరవాలన్నది నా ఆలోచన. ఆలోచన సరైనదే. పట్టిక ఎక్కించేటప్పుడు ఏ నిలువు వరస అక్షాంశం, ఏది రేఖాంశం అని మై మ్యాప్స్ అడిగింది. నేను తారుమారు చేసి చెప్పాను. తెరిచి చూస్తే తిరుపతి పరిసరాల్లో ఒక్క గుర్తూ లేదు. వెతగ్గా వెతగ్గా మా బోర్లన్నీ ఉత్తర ధ్రువానికి దగ్గరున్న స్వాల్‌బార్డ్ దీవుల్లో, మంచు మీద బారులు తీరి కనిపించాయి. తిరుపతి అక్షాంశం సుమారు 13.63, రేఖాంశం సుమారు 79.42. అక్షాంశం 90 దాకా ఉండవచ్చు కాబట్టి, 79ని అక్షాంశంగా ఇస్తే యంత్రం దాన్ని తప్పు అనుకోదు, మౌనంగా తీసుకుంటుంది. మన దేశంలో చాలా భాగానికి రేఖాంశం 90 లోపే, అంటే ఈ పొరపాటు చాలామందికి హెచ్చరిక లేకుండానే జరుగుతుంది. ఇంకో మెలిక ఏమిటంటే, చోట్లను దాచే మరో రకమైన జీపీఎక్స్ దస్త్రంలో అక్షాంశానికి, రేఖాంశానికి వేర్వేరుగా పేర్లు రాసి ఉంటాయి. కేఎంఎల్ దస్త్రంలో మాత్రం పేర్లు లేకుండా వరసగా రాస్తారు, అందులో రేఖాంశమే ముందు వస్తుంది. చేత్తో దస్త్రం దిద్దేవాళ్లు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. పట్టిక రాసేటప్పుడు మాత్రం మన వైపు 13తో మొదలయ్యే అంకె ముందు, 79తో మొదలయ్యేది తర్వాత అనుకుంటే సరిపోతుంది. పలమనేరు వైపు 79 బదులు 78, కుప్పం వైపు 13 బదులు 12 వస్తాయి.

దానికన్నా ప్రమాదకరమైన తప్పు ఇంకొకటి ఉంది, అది స్వాల్‌బార్డ్‌లా కొట్టొచ్చినట్టు కనబడదు. పాత పుస్తకంలో కొన్ని చోట్లు డిగ్రీలు, నిమిషాల్లో ఉన్నాయి. 13 డిగ్రీల 37 నిమిషాలను 13.37 అని కొట్టేస్తే, అసలు విలువ 13.617 కాబట్టి గుర్తు దాదాపు 27 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది. అక్కడా మామిడి తోపులే ఉంటాయి కాబట్టి చూడగానే అనుమానం రాదు. నిమిషాలను అరవైతో భాగించి కలపాలి. అటువంటి వరసలను పట్టికలో వేరే రంగులో పెట్టి, ఒక్కొక్కటిగా మార్చి, రైతుకు ఫోను చేసి పక్కనున్న గుడినో బడినో అడిగి సరిచూసుకున్న తర్వాతే ఎక్కించాను.

ఇక పంచుకోవడం. ఒక జాబితాను మొత్తంగా ఒకే దస్త్రంగా ఎగుమతి చేసి వాట్సాప్‌లోనో ఇంకో విధంగానో పంపవచ్చు. అందుకున్నవాడు దాన్ని తన ఫోనులో ఈ యాప్‌తో తెరిస్తే జాబితా పేర్లతో, రంగులతో, వివరణలతో సహా వచ్చి కూర్చుంటుంది. కొత్తగా చేరిన కుర్రవాడికి మొదటి రోజు ఉదయమే మా చోట్లన్నీ చేతికి వచ్చాయి. ఇదివరకు అవి తెలియడానికి ఒక కాపు కాలం పట్టేది. అయితే ఇలా పంపినది నకలు మాత్రమే. అతను తన ఫోనులో ఒక గుర్తును సరిచేస్తే అది నా ఫోనులో మారదు. నలుగురూ నాలుగు రకాలుగా దిద్దుకుంటూ పోతే నెల తిరిగేసరికి నాలుగు పటాలు తయారవుతాయి. మేము ఎంచుకున్న మార్గం ఇది: మార్పులను కుర్రవాళ్లు ఎవరికి వారు కొత్త జాబితాలో పెడతారు, శనివారం సాయంత్రం నాకు పంపుతారు, నేను అసలు జాబితాలో కలిపి తిరిగి పంపుతాను, పాతది తీసేస్తారు. ఇది శ్రమే. ఒకే జాబితాను పదిమంది ఒకేసారి దిద్దుకోవాలనుకునే పెద్ద సంస్థలకు ఈ యాప్ సరిపోదని స్పష్టంగా చెబుతున్నాను.

దస్త్రం మన చేతిలో ఉండటంలో భద్రత ఉన్నట్టే బాధ్యత కూడా ఉంది. కిందటి ఏడాది మా కుర్రవాడి ఫోను నీళ్ల తొట్టిలో పడి చెడిపోయింది. అతను రెండు నెలలుగా నాకు జాబితా పంపలేదు, నేనూ గట్టిగా అడగలేదు. వడమాలపేట, పుత్తూరు వైపు కొత్తగా పెట్టిన గుర్తులన్నీ పోయాయి. మళ్లీ ఒక్కో తోపుకు వెళ్లి పెట్టవలసి వచ్చింది. శనివారం నియమం ఆ తర్వాత వచ్చినదే. ఆ దస్త్రాన్ని నేను కంప్యూటరులో ఒకటి, మెయిల్‌లో ఒకటి తేదీ పేరుతో దాస్తున్నాను.

మిగతా యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను. గూగుల్ మ్యాప్స్‌లో కూడా చోట్లను జాబితాలుగా దాచుకోవచ్చు, ఆ జాబితాను లింకుతో పంచుకోవచ్చు, పలువురు కలిసి దిద్దుకోవచ్చు. కలిసి పనిచేసే విషయంలో అదే మేలు. ఊళ్లోకి వచ్చేసరికి నేనూ దాన్నే తెరుస్తాను. గంగమ్మ జాతర రోజుల్లో తాతయ్యగుంట చుట్టూ ఏ వీధి కిక్కిరిసి ఉందో, రేణిగుంట రోడ్డులో విడి భాగాల దుకాణం ఎన్నింటి దాకా తెరిచి ఉంటుందో చెప్పడంలో ఆర్గానిక్ మ్యాప్స్ దానికి సాటి రాదు. కానీ ఆ జాబితాలను బయటికి తీసుకోవాలంటే టేకౌట్ (గూగుల్ దగ్గరున్న మన సమాచారాన్ని దించుకునే సేవ) ద్వారా వచ్చే పట్టికలో పేరు, వ్యాఖ్య, లింకు ఉంటాయే తప్ప, అక్షాంశ రేఖాంశాలకు విడి గడులు ఉండవు. నా చోట్లు నేను పెట్టిన రూపంలోనే నాకు తిరిగి రావాలి అన్నది నాకు ముఖ్యం. మై మ్యాప్స్ కంప్యూటరులో పట్టికల పనికి మంచి సాధనం. దాని ఆండ్రాయిడ్ యాప్‌ను 2021లోనే ఆపేశారు కాబట్టి తోపులో వాడటానికి అనువుగా ఉండదు.

ఓస్మ్‌యాండ్ అనే ఇంకో పటాల యాప్ సంగతి వేరు. అది కూడా అదే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడుస్తుంది, నెట్ లేకుండా పనిచేస్తుంది, గుర్తుకు తగిన బొమ్మను ఎంచుకోనిస్తుంది, చోటుకు ఫోటోను, గొంతు రికార్డును జతచేయనిస్తుంది. ఆర్గానిక్ మ్యాప్స్‌లో గుర్తుకు ఫోటో పెట్టలేకపోవడం మాకు నిజమైన లోటు. స్టార్టరు పెట్టె లోపలి తీగల అమరికను ఒక్క ఫోటో చెప్పినట్టు పది వాక్యాలు చెప్పలేవు. అయినా నేను ఓస్మ్‌యాండ్‌ను ఎంచుకోలేదు. దాని మెనూలు లోతైనవి. గ్రీజు చేతులతో, ఎండలో, చౌకరకం ఫోను మీద మా వాళ్లు అంత లోపలికి వెళ్లి పని చేసుకోలేకపోయారు. ఉచిత రూపంలో దించుకోగల పటాల సంఖ్యకు పరిమితి కూడా ఉంది. ఓపికగా నేర్చుకునేవారికి, ఫోటో తప్పనిసరి అయినవారికి అదే మెరుగు.

ఒక హెచ్చరిక తప్పక చెప్పాలి. ఆర్గానిక్ మ్యాప్స్‌లో చోటును నొక్కినప్పుడు వచ్చే పలకలో, మన సొంత గుర్తు పెట్టే బొత్తాంతో పాటు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు చోటును చేర్చే వరస కూడా కనిపిస్తుంది. మొదటిది మన ఫోనులోనే ఉంటుంది. రెండోది, ఖాతాతో పంపిన తర్వాత, ప్రపంచమంతటికీ కనబడే పటంలో చేరుతుంది. ఒకరి తోపులోని బోరును, దాని లోతును, వాళ్ల ఇంటిని బహిరంగ పటంలో పెట్టే హక్కు మాకు లేదు. పని నేర్చుకునే ప్రతి కుర్రవాడికీ ఈ తేడాను ఫోను చేతికిచ్చి చూపిస్తాను. అయితే అందరిదైన గుడి, బడి, చెరువు, ఊరి పేరు, పంచాయతీ రోడ్డు పటంలో లేకపోతే వాటిని చేర్చడం మంచి పని. పెనుమూరు, వెదురుకుప్పం వైపు ఖాళీగా ఉన్న కొన్ని బాటలను నేను చేర్చాను. తర్వాతి నవీకరణల్లో అవి అందరి ఫోన్లలోకీ వచ్చాయి, యాప్ దారి వేయడం కూడా ఆ మేరకు మెరుగైంది. పసుపు గుర్తు అవసరం తగ్గిన తోపులు ఇప్పుడు కొన్ని ఉన్నాయి.

మోటారు పనితో సంబంధం లేనివారికి కూడా ఇది ఉపయోగపడుతుంది. కొండకు వచ్చే మా బంధువుల కోసం ఒక చిన్న జాబితా చేసి ఉంచాను: రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం, అలిపిరి పాదాల మండపం, శ్రీవారి మెట్టు మొదలయ్యే చోటు, తిరుచానూరు గుడి. నడిచి కొండెక్కే దారులు రెండున్నాయని, అలిపిరి దారిలో మెట్లు సుమారు 3,550 అని, శ్రీవారి మెట్టులో 2,388 అని, శ్రీవారి మెట్టు మొదలయ్యేది ఊళ్లో కాదు, శ్రీనివాసమంగాపురం అవతల అని వివరణల్లో రాశాను. ఆటో ఎక్కే ముందు చూసుకుంటున్నారు, ఒక దారికి బదులు ఇంకో దారి దగ్గర దిగడం మా ఇంట్లో ఆగిపోయింది.

2025లో ఈ యాప్ నిర్వహణ గురించి దాన్ని తయారుచేసేవారిలోనే భేదాభిప్రాయాలు వచ్చి, కోమ్యాప్స్ అన్న పేరుతో ఒక శాఖ విడిపోయింది. నన్ను చాలామంది అడిగిన ప్రశ్న ఇదే: రేపు ఈ యాప్ ఆగిపోతే మన చోట్ల గతి ఏమిటి? మా జాబితాను ఎగుమతి చేసి కోమ్యాప్స్‌లో తెరిచి చూశాను, ఓస్మ్‌యాండ్‌కు జీపీఎక్స్‌గా ఇచ్చి చూశాను. రెండింటిలోనూ చోట్లు, పేర్లు సరిగ్గా వచ్చాయి. ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి ఫోటోకు, జాబితాలను చేత్తో కలపవలసిన శనివారం శ్రమకు. రాబోయే వానలకు ముందు ఐరాల, తవణంపల్లె వైపు చప్టాలను కూడా నీలం జాబితాలో చేర్చాలి. ఆ దారుల్లో పాలవ్యాను నడిపే ఇద్దరు డ్రైవర్లు ఆ జాబితా తమకూ కావాలని అడిగారు, పూర్తికాగానే వాళ్లకు పంపుతాను.